ఎర్ర పెన్సిలు దిద్దిన కషాయం

ఇంగేర్డ్ కంట్లో పడ్డ తప్పు బతికి బట్టకట్టిన దాఖలా లేదు. విస్బీ ఊరి పత్రికలో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైనా ఆ జబ్బు వదల్లేదామెకు. కాఫీ కొట్టులో ధరల పట్టిక చేతికిచ్చినా సంచిలోంచి పెన్సిలు తీసేది. మా అక్క కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని చెల్లెలు గున్వోర్ ఊరంతా చెప్పి నవ్వేది. ఆ నవ్వులో బోలెడంత గర్వం కూడా ఉండేది.

ఆ వేసవిలో ఇంగేర్డ్‌కు దొరికిన పని ఒక ఆట పుస్తకం. బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చుని, ఒకరు కథ నడిపిస్తుంటే తక్కినవాళ్ళు తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, ఒకరినొకరు భయపెట్టుకునే ఆట. పదహారు వందల డెబ్బై ఆరులో విస్బీ ఉన్న ఈ గాట్లండ్ దీవి మీదే, ఆకులూ వేళ్ళూ కాచి ఇచ్చే ఒక మందులసానిని మంత్రగత్తె అని పట్టుకుని విచారించడం అందులో కథ. మూడు వందల పన్నెండు పేజీలు రాసినవాడు తూరే, స్టాక్‌హోమ్‌లో ఉంటాడు. దయ్యాలు ఎక్కడెక్కడ లేస్తాయో ఇంగేర్డ్ పట్టించుకోలేదు. రెండో అధ్యాయంలో చచ్చినవాడు ఐదో అధ్యాయంలో చేపలు అమ్ముతున్నాడని మాత్రం పట్టుకుంది.

ఈ పనికి ఒక పద్ధతుంది. కచ్చితంగా తప్పని తెలిస్తే ఎర్ర పెన్సిలు, అనుమానమైతే ఆకుపచ్చది. ఆకుపచ్చ గీత పడినవి రచయిత దగ్గరికి వెళ్ళి జవాబు తెచ్చుకుంటాయి. ఎర్ర గీత పడినవాటిని, ఎవర్నీ అడగకుండానే, పేజీలు కట్టే అమ్మాయి మార్చేస్తుంది. ఇంగేర్డ్ ఆకుపచ్చ పెన్సిలు కొన్ననాటి పొడుగునే ఉండేది.

నూట ఎనభై ఎనిమిదో పేజీలో మందులసాని కాచిన కషాయం ఉంది. ఆటగాళ్ళ చేతికివ్వడానికి పాత కాగితంలా అచ్చువేసే చీటీ అది. కషాయాన్ని క్వానె వేరుతో కాచాలని రాసుంది. క్వానె అంటే కాడలకు చక్కెర పాకం పట్టి కేకుల మీద పెట్టుకునే మొక్క. ఇంగేర్డ్‌కు ఎందుకో నమ్మబుద్ధి కాక, దస్తావేజుల భవనానికి సైకిలేసుకుపోయి అసలు విచారణ కాగితాలు తీయించింది. వాటిలో ఉన్నది బోల్మోర్ట్. ఉమ్మెత్త జాతి విషపు మొక్క, ఊళ్ళో పాడుబడ్డ గోడల పక్కనల్లా మొలుస్తుంది.

"చదివే ఓపిక లేనివాళ్ళంతా చరిత్ర రాసేవాళ్ళే," అని తూరేని తిట్టుకుని క్వానెను ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, పైన బోల్మోర్ట్ అని రాసింది. ఆ పూట ఆమెకు అన్నం ఎక్కువ సహించింది.

ఆగస్టులో ఒక ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి తూరే ఫోన్ చేశాడు.

"ఇంగేర్డ్, దిద్దిన ప్రతి ఇప్పుడే తెరిచాను. నూట ఎనభై ఎనిమిదిలో మొక్క పేరు ఎవరు మార్చారు?"

"ఇంకెవరు, నేనే. కాగితాల్లో బోల్మోర్ట్ అని ఉంది. నమ్మకపోతే ఫోటో పంపిస్తా."



"ఆ ఫోటో నా దగ్గరా ఉంది. నీకన్నా ముందే చదివాను. కావాలనే మార్చాను."

"కావాలనా? చరిత్రనా?"

"చరిత్రకేం కాదులే, అది పోయి మూడొందల యాభై ఏళ్ళు. ఈ ఆటలాడే వాళ్ళ సంగతి నీకు తెలీదు. చీటీలో ఏం రాస్తే అది వండుకొచ్చి బల్ల మీద పెడతారు. పోయిన పుస్తకంలో నాచు రొట్టె అని రాశా. ఓ గుంపు నిజంగా నాచు ఏరుకొచ్చి, కాల్చుకు తిని, రెండ్రోజులు కక్కుకున్నారు. అందుకే క్వానె అని పెట్టా. ఇంకా నయం, అచ్చుకెళ్ళలేదు. కానీ నువ్వు దిద్దిందే ఒకటి ముందుగా ఆడి చూడమని ఇచ్చేశారు, ఆ ప్రతి ఎవరి దగ్గరుందో తెలుసా?"

ఇంగేర్డ్‌కు తెలుసు. ఆ ప్రతి గున్వోర్ వాళ్ళ ఆట గుంపు దగ్గరుంది. గురువారం నాడే చెల్లెలు ఫోన్‌లో, "ఆదివారం మా ఇంట్లో ఆట. మందులసాని కషాయం కాస్తున్నా, నువ్వూ రావే," అంది. నీ దయ్యాలతో నాకు తీరిక లేదు తల్లీ అని ఇంగేర్డే పెట్టేసింది. గున్వోర్ దేన్నీ కొట్లో కొనదు. గోడల వెంట తిరిగి ఏరుకొస్తుంది, రాసింది రాసినట్టు వండుతుంది.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆట మొదలయ్యే ముందు ఫోన్లన్నీ టోపీల పెట్టెలో వేసి పడగ్గదిలో పెట్టడం వాళ్ళ అలవాటు. మూడుసార్లు చేసి, ఆపదలో పిలిచే నూట పన్నెండుకి చేసింది. ఎంతమంది తాగారని ఆ గొంతు అడిగితే చెప్పలేకపోయింది. ఎప్పుడు తాగారని అడిగితే ఏడుపొచ్చింది. అంబులెన్సు బండి ఊరికి దూరంగా ఉంది, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు.

చెల్లెలి ఇల్లు నాలుగు కిలోమీటర్లు. అరవై ఒక్కేళ్ళ మనిషి సైకిలు తొక్కుతూ, కాళ్ళు తన మాట వినడం లేదని వాటిని తిట్టింది. సున్నపురాతి గోడ పక్కన, బూడిద రంగు ఆకులూ మాసిన పసుపు పూలూ ఉన్న బోల్మోర్ట్ మొక్కలు గుంపుగా కనిపించాయి. మధ్యలో నాలుగు మొక్కలు పెరికిన గుంటలు పచ్చిగా ఉన్నాయి.  దేవుడి పేరు ఎత్తి ఎన్నేళ్ళయిందో, ఆ రోడ్డు మీద గట్టిగా పిలిచింది.

పట్టపగలు కిటికీలకు తెరలు దించున్నాయి. లోపల కొవ్వొత్తులు, శాలువలు కప్పుకున్న ఐదుగురు, ఒక్కొక్కరి ముందు మట్టి కప్పు. ఆట నడిపే హోల్గెర్ నిలబడి తీర్పు చదువుతున్నాడు.

"తాగకండి! అది విషం!"

ఐదుగురూ ఉలిక్కిపడి, వెంటనే చప్పట్లు కొట్టారు. "భలే వచ్చావ్ ఇంగేర్డ్! సాక్షివా, బిషపు పెళ్ళానివా?" అంటూ హోల్గెర్ కప్పెత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

ఇంగేర్డ్ ఆ కప్పును కొట్టి పడేసింది. ఆమె మొహం దగ్గర్నుంచి చూశాక అతని నవ్వు ఆగింది. ఆమె బల్లమీదవన్నీ చేత్తో తోసేసింది. ఎవరైనా తాగారా, నిజం చెప్పండి, ఆటలొద్దు అని ఒక్కొక్కర్నీ భుజాలు పట్టి అడిగింది. తీర్పు అయ్యాకే తాగాలని రాసుందట. ఒక్కరూ తాగలేదు. 

"గున్వోర్ ఏది?"

"వంటింట్లో. ఏదో ఉక్కపోస్తోందని వెళ్ళింది," అన్నాడు హోల్గెర్. తర్వాత అతని గొంతు తగ్గింది. "కానీ కషాయం తను రుచి చూసింది. వండింది తను తాగి చూడందే ఎవరికీ పొయ్యదుగా."

గున్వోర్ పొయ్యికి ఆనుకుని నేలమీద కూర్చుంది. మొహం కందగడ్డలా ఉంది. కంటిపాపలు కంటినిండా నల్లగా పరుచుకున్నాయి. లంగా మీద లేని దారాలేవో ఒక్కొక్కటే శ్రద్ధగా ఏరుతోంది. బల్లమీద మొక్కల పుస్తకం తెరిచుంది, బోల్మోర్ట్ బొమ్మ పక్కన పుర్రె గుర్తుతో.

"పొద్దున గున్వోర్‌కు అనుమానం వచ్చింది," అన్నాడు హోల్గెర్ గుమ్మంలోంచి. "ఆ పుస్తకం మాకు చూపించింది. వద్దులే, టీ పోస్తే చాలన్నాం. మా అక్క దిద్దిన పుస్తకంలో తప్పుండదర్రా, అప్పట్లో మందుగా తాగేవాళ్ళే అయ్యుంటుంది అంది. నీ పేరు చెప్పాక ఇంకేమంటాం?"

ఇంగేర్డ్ చెల్లెలి పక్కన నేలమీద కూర్చుంది.

బండి వచ్చింది. కోటు తొడుక్కున్న అమ్మాయి కళ్ళల్లోకి దీపం వేసి చూసి, నాడి పట్టి, గుండె చాలా వేగంగా కొట్టుకుంటోందంది. తక్కువే తాగినట్టుంది, ఆశ ఉంది, కానీ రేపటిదాకా ఏమీ చెప్పలేనంది. స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే గున్వోర్ పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది ఇంగేర్డ్ చెయ్యి. మొహంలోకి తేరిపార చూసింది, పోల్చుకోలేదు.

"నర్సమ్మా," అంది, ఎండిపోయిన నాలుకతో. "పుస్తకంలో తప్పు పడింది. మా అక్క చూసిన పుస్తకం. దానికి తెలిస్తే తట్టుకోలేదు. చెప్పకండేం."

"చెప్పనమ్మా," అంది ఇంగేర్డ్.