ముక్కలైపోయిన ఓడలో ఉద్యోగం

డేవిడ్‌రాజు కళింగపట్నంలో చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పగలంతా చేతులు గ్రీజులోనే ఉంటాయి. సాయంత్రం సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, తువ్వాలుతో తడి పూర్తిగా ఒత్తుకున్నాకే తన పోస్టుకార్డుల పెట్టె ముట్టుకుంటాడు. ఆ పెట్టెలో ఉన్నవన్నీ ఓడల బొమ్మలే. సరుకు ఓడలు కావు, యుద్ధనౌకలు కావు. పదిహేను అంతస్తుల మేడల్లా ఉండే ప్రయాణికుల ఓడలు. ఈతకొలనులు, సినిమా హాళ్ళు, వెయ్యికి పైగా గదులు ఉండే క్రూజు ఓడలు. ఇలాంటి కార్డులు పోగుచేసేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్ళకి ఇతను మన పడవల ఫొటోలు కార్డులుగా వేయించి పంపుతాడు. వాళ్ళు ఓడల కార్డులు పంపుతారు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. ఊళ్ళో అతన్ని ‘ఓడల డేవిడు’ అనే పిలుస్తారు.

పెళ్ళి చేసుకోలేదు. ఉన్నది ఒక్క అక్క, లీలారాణి. ‘అప్పా’ అని పిలుస్తాడు. ఆమె కూతురు స్వర్ణ చిన్నప్పుడు మేనమామ పక్కన కూర్చుని ఆ కార్డులే చూసేది. “మావా, ఇన్ని గదులున్నాయి గదా, ఎవులు తుడుస్తారు?” అని ఒకసారి అడిగింది. “దానికి ఉజ్జోగస్తులు ఉంటారే. లోకమంతా తిరుగుతారు” అన్నాడు. ఆ మాట ఆ పిల్ల మనసులో పడిపోయింది. విజయనగరంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. ఇప్పుడు ఇరవై ఐదేళ్ళకి, నిజంగానే క్రూజు ఓడలో ఉద్యోగం వచ్చింది.

వెళ్ళే రోజు పొద్దున్న లీలారాణి ఇంట్లో ప్రార్థన పెట్టారు. స్వర్ణతో పాటు చదువుకున్న కుమారి కూడా పెట్టెతో వచ్చింది. ఆమెది గార దగ్గర పల్లె, వాళ్ళ నాన్న వరి పండిస్తాడు. ఇద్దరికీ ఉద్యోగం చూపించిన దేవేంద్ర అనే మనిషి కుర్చీలో వినయంగా తల వంచుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా, మెత్తని మాట. రైల్లో కోల్‌కతా, అక్కణ్ణుంచి విమానంలో బ్యాంకాక్, అక్కడి రేవులో ఓడ ఎక్కడం. అంతా తనే దగ్గరుండి చూసుకుంటానన్నాడు.

పాస్టరుగారు ఉద్యోగపు కాగితం చేతిలో పట్టుకుని ప్రార్థించి, పక్కనున్న డేవిడ్‌రాజుకి అందించారు. పైన ఓడ బొమ్మ ఉంది. పసుపు పొగగొట్టం, దాని చుట్టూ నీలం పట్టీ. డేవిడ్‌రాజు మొహం వెలిగిపోయింది.

“ఒసే స్వర్ణా! కొరాలియా స్టారు! ఈ ఓడ నా కాడ ఉన్నాదే!”

అందరూ నవ్వారు. దేవేంద్ర కూడా నవ్వాడు. మేనకోడలు పనిచేసే ఓడ అని కార్డు వెనక రాసుకుందామని డేవిడ్‌రాజు ఆ కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. పదకొండింటికి వాళ్ళ వ్యాను ఆమదాలవలస స్టేషనుకి బయల్దేరింది. రెండింటికి రైలు. లీలారాణి గుమ్మం పట్టుకుని ఏడ్చింది.

ఇంటికి వెళ్ళాక డేవిడ్‌రాజు చేతులు కడుక్కుని పెట్టె తీశాడు. కొరాలియా స్టార్ కార్డు బయటికి తీశాడు. ప్రతి కార్డుకీ అతను ఒక చీటీ జతచేస్తాడు. ఓడ పేరు, పొడవు, నీళ్ళలోకి దింపిన సంవత్సరం, ఓడ నంబరు రాసి ఉంటాయి. ప్రతి పెద్ద ఓడకీ కట్టినప్పుడే ఏడంకెల నంబరు ఒకటి ఇస్తారు. ఓనరు మారినా, పేరు మారినా, రంగు మారినా నంబరు మారదు. ఆ ఓడ పోయాక ఆ నంబరు ఇంకో ఓడకి ఇవ్వరు. ఫొటోలోని కాగితంలో కూడా నంబరుంది. రెండూ పోల్చి చూశాడు. ఏడంకెలూ అవే.

చీటీ కింద ఎర్ర సిరాతో చిన్న గీత కనిపించింది. అలా గీత పెట్టాడంటే అదే ఓడ బొమ్మతో ఇంకో కార్డు కూడా ఉన్నట్టు. పెట్టె అడుగున వెతికాడు. దొరికింది.

గుజరాత్ తీరంలో పాత ఓడల్ని ఒడ్డుకెక్కించి ముక్కలుగా కోసే చోట పనిచేసే సోంపేట మనిషి సోములు, నిరుడు ఎండాకాలంలో పంపిన కార్డు అది. వచ్చినప్పుడు గీత పెట్టి అడుగున దాచి, మరిచేపోయాడు. బురదలో ఒరిగిన పెద్ద ఓడ. ముందు భాగం అప్పటికే కోసేశారు. లోపలి గదులు తేనెపట్టులా కనిపిస్తున్నాయి. పసుపు పొగగొట్టం, నీలం పట్టీ.

డేవిడ్‌రాజు చీటీ చేతిలోనే పట్టుకుని లేచాడు. సోములుకి ఫోన్ చేశాడు.

“కొరాలియానా?” అన్నాడు సోములు. “అదెప్పుడో అయిపోనాది గదా బావా. ఇంజను గది నేనే కోసినాను. దసరాకి ముందే ఇసక మీద ఏటీ నేదు.”

వెంటనే స్వర్ణకి చేశాడు. ఫోన్ పనిచెయ్యడం లేదు. మళ్ళీ చేశాడు. అదే. అప్పుడు గుర్తొచ్చింది, కంపెనీ సిమ్ములని చెప్పి దేవేంద్ర పొద్దున్నే ఇద్దరికీ కొత్తవి వేయించాడు. ఆ హడావిడిలో ఆ నంబరు ఇంట్లో ఎవరూ తీసుకోలేదు. టైము పన్నెండుంబావు.

లీలారాణి ఇంటికి పరిగెత్తి రెండు కార్డులూ చూపించాడు. విషయం చెప్పాడు. ఆమె కార్డుల వైపు చూడనైనా లేదు.

“ఒరే డేవిడూ, పిల్ల బయల్దేరిన రోజున ఏటీ మాటలు? హైదరాబాదు ఓటల్లో ఉజ్జోగం వస్తే నువ్వే వొద్దన్నావు. మోసమన్నావు. నీ మాటిని మానిపించినాను. ఆ ఓటలు ఇప్పుడూ నడస్తన్నాది. నా పిల్ల మూడేళ్ళు ఇంట్లో కూకున్నాది. మళ్ళీ అదే మాటా?”

“అప్పుడు తప్పే అప్పా. ఒప్పుకుంటన్నాను. అప్పుడు నా కాడ బయమే తప్ప ఏటీ నేదు. ఇప్పుడు నంబరున్నాది. నేని ఓడకి మనుసుల్ని తీసుకెల్తన్నాడంటే ఎక్కడికి తీసుకెల్తన్నట్టు?”

లీలారాణి కార్డు చేతిలోకి తీసుకుంది. బురదలోని ఓడని ఇప్పుడు చూసింది. కొంతసేపు అలాగే చూసి, కొంగు నడుముకి దోపుకుంది.

“స్కూటరు తియ్యి.”

గార దాటేసరికి ఒంటిగంట. దారంతా అక్క వెనక కూర్చుని ప్రార్థన చేస్తూనే ఉంది. మధ్యలో “బేగి పోనీరా” అంటోంది. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ అనే కూడలి దగ్గర ఆటోలు అడ్డంగా ఆగిపోయాయి. డేవిడ్‌రాజు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. దేవేంద్ర మంచివాడే అయితే స్వర్ణ తనని జన్మలో క్షమించదు. ఆ ఆలోచన రాగానే వేగం తగ్గింది. నంబరు గుర్తొచ్చి మళ్ళీ పెంచాడు.

స్టేషనుకి చేరేసరికి రెండు కావడానికి పది నిమిషాలుంది. రెండో ప్లాట్‌ఫారం చివర, నీడలో, పెట్టెల మీద కూర్చుని స్వర్ణ, కుమారి బిస్కట్లు తింటున్నారు. దేవేంద్ర భుజానికి నల్ల సంచీ వేసుకుని నిలబడ్డాడు.

తల్లిని చూసి స్వర్ణ లేచింది. “ఏటయ్యిందమ్మా?”

డేవిడ్‌రాజు రొప్పుతూ కార్డులు ముందు పెట్టి చెప్పాడు. దేవేంద్ర అంతా ఓపిగ్గా విన్నాడు.

“అంకుల్, మీ బాధ నాకు అర్థమైంది. పాత ఓడ తీసేశాక అదే పేరుతో కొత్త ఓడ దించుతారు. ఇది కొత్త ఓడ.”

“పేరు పెడతారు బాబూ. నంబరు పెట్టరు. మీ కాయితంలో ఉన్నది సచ్చిపోయిన ఓడ నంబరు.”

“టైపింగులో తప్పుండొచ్చు.”

“ఏడంకెలూ తప్పయ్యి, ఏడూ సరిగ్గా దానివే పడ్డాయా?”

స్వర్ణ మొహం ఎర్రబడింది. “మావా, సాలు! హైదరాబాదప్పుడూ ఇంతే. నానెక్కడికెల్లినా నీకు బయమే. నాకు ఓడలు సూపించింది నువ్వు కాదేటి? నువ్వు బొమ్మల్లో సూసుకో. నన్ను నిజంగా సూడనీ.”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. డేవిడ్‌రాజు కార్డులు రెండూ జేబులో పెట్టుకున్నాడు. రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు.

“సరేనమ్మా,” అన్నాడు చివరికి. “నాను ఆపను. ఒక్కటే సెయ్యి. నీ పాస్‌పోర్టు అడిగి నీ సేతిలో పెట్టుకో. పెట్టుకుని రైలెక్కు. నానే పెట్టె ఎక్కిస్తాను.”

స్వర్ణ దేవేంద్ర వైపు తిరిగింది. “సార్, మా పాస్‌పోర్టులు ఇచ్చీండి. మావయ్య ఊరుకుంటాడు.”

“అవి కోల్‌కతా ఆఫీసులో ఉన్నాయమ్మా. వీసా స్టాంపింగుకి పంపాను.”

“పొద్దున్న సంచీలో ఉన్నాయన్నారు గదా సార్?”

దేవేంద్ర సంచీ పట్టీ బిగించుకున్నాడు. రైలు ప్లాట్‌ఫారంలోకి వచ్చేసింది. ఆ రొదలో అతని గొంతు మారింది. “ఎక్కితే ఎక్కు, లేకపోతే మానెయ్. నీలాంటివాళ్ళు పాతికమంది లైన్లో ఉన్నారు. కుమారీ, పెట్టె పట్టు!”

కుమారి కంగారుగా స్వర్ణని చూసింది, దేవేంద్రని చూసింది. రెండు నిమిషాలే ఆగే రైలు. దేవేంద్ర ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. స్వర్ణ నల్ల సంచీ పట్టీ పట్టుకుంది. “నా పాస్‌పోర్టు ఇచ్చీసి ఎల్లు!” అని అరిచింది. అతను మెట్టు మీంచి ఆమె వేళ్ళు బలంగా విడదీసి నెట్టాడు. స్వర్ణ వెల్లకిలా పడింది. డేవిడ్‌రాజు తలుపు అందుకునేలోపు రైలు కదిలింది. కిటికీ దగ్గర కుమారి నోరు తెరిచి ఏదో అంటోంది. వినబడలేదు.

స్వర్ణ మోచెయ్యి చీరుకుపోయింది. అది చూసుకోలేదు. “కుమారి మావా! కుమారి ఎల్లిపోనాది!”

“దాని కొత్త నంబరు నీ కాడున్నాదా?”

ఉంది. పొద్దున్న ఇద్దరూ ఒకరిది ఒకరు రాసుకున్నారు. లీలారాణి తన ఫోన్ ఇచ్చింది. స్వర్ణ ఫోన్ నుంచి చేస్తే కుమారి ఫోన్లో పేరు పడి దేవేంద్రకి తెలిసిపోతుంది. ఈలోగా డేవిడ్‌రాజు స్టేషన్లోని రైల్వే పోలీసు సూరయ్యని వెతికి తెచ్చాడు. నడివయసు మనిషి. మొదట విసుగ్గా విన్నాడు గానీ, స్వర్ణ మోచేతి రక్తం చూసి, బురదలోని ఓడ చూసి ఇంకేం అడగలేదు. పలాస స్టేషనుకి ఫోన్ కలిపాడు. గంటలో రైలు అక్కడ ఆగుతుంది.

కుమారి ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. వెనక రైలు చప్పుడు.

“కుమారీ, నానే. పేరు పలక్కు. మీ అమ్మతో మాటాడినట్టు మాటాడు. ఆడు పక్కనున్నాడా?”

“ఊఁ.”

“ఓడ నేదే. ఆడు సెప్పినదంతా అబద్దం. పలాసలో పోలీసులు ఎక్కుతారు. నువ్వు అప్పటిదాకా సీటు కాడ్నించి లెగకు. ఇనబడిందా?”

రైలు ఏదో వంతెన దాటింది. తర్వాత కుమారి గొంతు సన్నగా వచ్చింది. “తిన్నానమ్మా. బాగున్నాను. ఉంటాను.” ఫోన్ పెట్టేసింది.

ఆ గంట ఎలా గడిచిందో ముగ్గురికీ తెలియదు. సూరయ్య టీ తెప్పించాడు. ఎవరూ తాగలేదు. లీలారాణి తమ్ముడి చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. స్వర్ణ లేచి పట్టాల వరకూ వెళ్ళి వస్తోంది. మూడూ పది దాటాక సూరయ్య ఫోన్ మోగింది. విని, ఫోన్ పెట్టేసి చెప్పాడు.

“పిల్ల దొరికినాది. ఆడు అటుపక్క తలుపులోంచి దూకి పోనాడు. సంచీ ఒదిలీసినాడు.”

సాయంత్రానికి వాళ్ళు పలాస చేరారు. రైల్వే పోలీసు స్టేషన్లో బల్ల మీద నల్ల సంచీ తెరిచి ఉంది. అందులో పదకొండు పాస్‌పోర్టులున్నాయి. వీళ్ళిద్దరివి పోగా మిగిలిన తొమ్మిది కూడా ఆడపిల్లలవే. ఒక్కొక్క ఇంటికీ ఎస్.ఐ. స్వయంగా ఫోన్ చేస్తున్నాడు. పాస్‌పోర్టు ఇక్కడుందంటే మనిషి ఇంకా దేశం దాటలేదన్నమాట. ఆ మాట తల్లిదండ్రులకి ఓపిగ్గా చెబుతున్నాడు. తొమ్మిదో ఇంట్లో ఫోన్ ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఎత్తినది ఆ పిల్లే. వచ్చే ఆదివారం బయల్దేరాలట.

కుమారి మూల బెంచీ మీద పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్వర్ణ పక్కన కూర్చోబోతే జరిగింది.

“నన్నొదిలీసినావు,” అంది కుమారి. “నువ్వు కింద, నాను పైన. నా సెయ్యి పట్టుకోలేదు నువ్వు. సంచీ పట్టుకున్నావు.”

అది నిజమే. “పట్టుకోలేదే,” అని మాత్రం అంది స్వర్ణ. కుమారి గోడకేసి తిరిగింది. తర్వాత స్వర్ణ మోచెయ్యి లాగి చూసి, తన చున్నీ చివర నీళ్ళలో తడిపి, ఎండిన రక్తం గట్టిగా తుడిచింది. స్వర్ణ అబ్బా అన్నా ఆపలేదు.

ఎస్.ఐ. రెండు కార్డులూ కేసులో సాక్ష్యంగా ఉంచుకోవాలన్నాడు. డేవిడ్‌రాజు వాటిని ఇచ్చి, వాంగ్మూలం కింద సంతకం పెట్టాడు. దేవేంద్ర అన్నది అసలు పేరు కాదని వారం తర్వాత తెలిసింది. మనిషి ఇంకా దొరకలేదు.

పలాస నుంచి తిరిగొచ్చిన ఆ రాత్రి, బస్సులో స్వర్ణ మామ పక్కన కూర్చుంది. టెక్కలి దాటాక అంది.

“మావా, నాను ఓడెక్కడం మానను.”

“మానమని ఎవులన్నారే,” అన్నాడు డేవిడ్‌రాజు. “ఈసారి కాయితం రాగానే ముందు నాకు సూపించు.”

వెనక సీట్లో కుమారి, లీలారాణి భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది.