చెయ్యి మీటరు

"నీళ్ళు సరిపోయాయా, ఇంకా కాగాలా?" వంటగదిలోంచి భార్య అడిగింది.

అతను బకెట్టు మీద లేస్తున్న ఆవిరిని చూశాడు. గోడకున్న అద్దం ఎంతవరకు మసకబారిందో చూశాడు. "సరిపోయాయి" అన్నాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు. పెట్టినా అదేం చెప్పదు.

షుగరు మొదట అరికాళ్ళ స్పర్శని తినేసింది. కాళ్ళదేముంది, చూసుకుంటూ నడిస్తే నడిచినట్టే. ఈ ఎండలు ముదిరేసరికి అది చేతివేళ్ళ కొసలకి ఎక్కింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే పరాయివాడెవడో తన గుండెలు తడుముతున్నట్టుంటుంది. ఈ సంగతి భార్యకి చెప్పలేదు. చెబితే పొద్దుగుంకేలోగా ఆమె తమ్ముడి చెవిన పడుతుంది. ఆ తమ్ముడిదే సోలార్ ఇన్వర్టర్ల షాపు. అందులోనే ఇతని నౌకరీ.

షాపులో అందరికీ అతను చెయ్యి మీటరు. అసలు పేరు జీతాల రోజున కూడా ఎవరికీ గుర్తుకురాదు. ఇన్వర్టరు మీద లోడు పెట్టించి, బ్యాటరీల కనెక్షన్లు ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసేవాడు. బిగువైన జాయింటు చల్లగా ఉంటుంది, వదులైంది వేడెక్కుతుంది. పిల్ల నుదురు ముట్టుకుని జ్వరం చెప్పే తల్లిలా చెప్పేసేవాడు. తక్కిన మెకానిక్కులు మీటర్లు మోసుకు తిరుగుతుంటే అతను చేతులూపుకుంటూ వెళ్ళేవాడు. అంత వైభోగం వెలగబెట్టినవాడు ఇవాళ మీటరు కావాలంటే, ఎందుకని అడగరూ? అడిగితే ఏం చెప్పాలి?

అందుకే కొన్నాళ్ళుగా కన్నూ ముక్కూ చేతికి బదులు కూలికి పోతున్నాయి. కమిలిన రాగి రంగు చూసి, తొడుగు కాలిన వాసన పట్టి, నెట్టుకొస్తున్నాడు. కొన్నిచోట్ల నెట్టుకురాలేకపోయాడు.

"బావా, నువ్వు చూసొచ్చిన ఇళ్ళే మళ్ళీ ఫోన్లు చేస్తున్నాయి" అన్నాడు బావమరిది ఆ పొద్దున, టీ చప్పరిస్తూ, అందరి ముందూ. "ఇంకొక్క ఇల్లు వెనక్కొచ్చిందో, అక్క మొహం చూసి కూడా ఊరుకోను. ఇంట్లో కూర్చుని మీ ఆవిడకి కూరలు తరిగిపెడుదువు గాని."

ఎవరో కిసుక్కుమన్నారు. "అలాగే" అని అతను సంచి భుజాన వేసుకున్నాడు.

ఆ రోజు వెళ్ళింది ఒక దర్జీ ఆవిడ ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, బల్ల, బల్ల మీద తెల్ల గుడ్డలు. కిటికీ కింద బ్యాటరీలు, పైన గోడకి ఇన్వర్టరు.

"ఇస్త్రీపెట్టె పెట్టడం పాపం, కుయ్యిమని అరిచి ఆగిపోతోంది బాబాయ్" అంది దర్జీ. "బ్యాటరీలు నిండుగానే ఉన్నట్టు చూపిస్తోంది. మా ఆయన జేబులాగా, చూడ్డానికే నిండుగా."

బరువు పడగానే కూలబడుతోందంటే బ్యాటరీలో ప్రాణమైనా లేకపోయుండాలి, ఆ ప్రాణందాకా దారైనా లేకపోయుండాలి. అతను పైనుంచి వచ్చే సోలార్ లైను ఆపాడు, ఇన్వర్టరు ఆపాడు. ముందు నెగటివు తీగ విప్పాడు, తరవాత పాజిటివు. టెర్మినళ్ళ మీద పూసిన తెల్లటి పొడిని సోడా నీళ్ళతో కడిగి, తీగల బ్రష్షుతో రుద్ది, తుడిచి, బిగించి, వాజిలీను రాసి, ఇన్వర్టరు మళ్ళీ వేశాడు. ఈ పనికి స్పర్శ అక్కర్లేదు, అలవాటు చాలు.

అసలు జబ్బు అక్కడ లేదు. తీగ చివర నొక్కి బిగించిన రాగి లగ్గులోనే తీగ వదులైపోయి ఉంది. ఎవరో దాని మెడదాకా నల్లటి తొడుగు వేసేశారు. కమిలిన రంగు కంటికి కనబడలేదు.

"ఇప్పుడు పెట్టమ్మా ఇస్త్రీపెట్టె."

ఇన్వర్టరు అరవలేదు. ఆమె ఒక చొక్కా పరిచి రుద్దసాగింది. అతను వంగి, లగ్గుని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. పట్టుకునే ఉన్నాడు.

"చల్లగానే ఉందమ్మా."

కాసేపటికి ఆమె ముక్కు ఎగబీల్చి, గబుక్కున ఇస్త్రీపెట్టె ఎత్తింది. చొక్కా తెల్లగానే ఉంది. ఆ కమురు వాసన అతనికీ తగిలింది. ఇస్త్రీపెట్టెదే అనుకున్నాడు. ఆమె వాసన వెంట కిటికీదాకా వచ్చింది. పెట్టె కాగిందో లేదో చూసే అలవాటు కొద్దీ, వేలు నాలుక మీద తడిచేసి లగ్గుకి అలా తాకించింది.

చుయ్‌మంది.

"వేళ్ళు తియ్యి బాబాయ్, తియ్యి ముందు."

తీశాడు. కొంచెం లాగాల్సి వచ్చింది. రెండు కొసలూ పాలిపోయి, మధ్యలో ఎర్రగా చెమ్మగా ఉన్నాయి. ఆమె చెంబుతో నీళ్ళు పోసింది.

"మంటగా లేదూ?"

"లేదమ్మా."

దాన్ని మొగవాడి ధైర్యం అనుకుని ఉంటే బతికిపోయేవాడు. ఆమె అలా అనుకోలేదు. "మా నాన్నా ఇంతే. నిప్పు తొక్కినా తెలిసేది కాదు" అంది.

"షాపుకి చెప్పకమ్మా. లగ్గు నేనే మార్చేస్తాను. నీకు పుణ్యముంటుంది."

"నేనెందుకు చెప్తాను. నువ్వు పోయి గాలికి కూర్చో."

అతను గడప బయట మెట్టు మీద కూర్చుని వేళ్ళకి గుడ్డపేలిక చుట్టుకున్నాడు. లోపల్నుంచి షాపుకి ఫోను చేస్తున్న ఆమె గొంతు వినబడింది. మంచి గొంతు, జాలి నిండిన గొంతు.

"మీ మనిషి చాలా మంచోడండీ. పాపం, చేతికి స్పర్శ లేదు. వేళ్ళు కమిలిపోతుంటే చల్లగా ఉందంటున్నాడు. డాక్టరుకి చూపించండి. మాకు మాత్రం ఇంకొకర్ని పంపండి."

బావమరిది ఇంకో మెకానిక్కుని వెంటబెట్టుకుని తనే వచ్చాడు.

"నాకు తెలుస్తూనే ఉంటుందిరా. ఏదో ధ్యాసలో..." అన్నాడు అతను లేస్తూ.

"అయితే సరే. మొహం అటు తిప్పి, ఆ రెండో చెయ్యి ఇలా చాపు. ఏ వేలు గిల్లుతున్నానో చెప్పు."

అతను గోడ వైపు తిరిగి చెయ్యి చాపాడు. గోడ మీద సున్నం పెచ్చులూడి ఉంది. దాన్నే చూస్తూ, చెవులతో వినడానికి చూశాడు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఏది?"

"చూపుడువేలు" అన్నాడు.

"నేనింకా ముట్టుకోనేలేదు బావా."

మెకానిక్కు పగలబడి నవ్వాడు. దర్జీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావమరిది మాత్రం నవ్వలేదు. "గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం. సంచి అక్కడ పెట్టి వెళ్ళు. అక్కకి నేను చెప్తాలే" అన్నాడు.

అతను సంచి దించాడు. చెప్పులెక్కడున్నాయో వంగి చూసుకుని, ఒక్కో కాలూ కళ్ళతో దారి చూపించుకుంటూ దూర్చాడు. గోడ పక్కగా నడిచి వెళ్ళిపోయాడు. ఏ మలుపు తిరిగాడో ఎవరూ చూడలేదు.

కొత్త మెకానిక్కు పాత లగ్గు కత్తిరించి కిటికీ అంచు మీద పడేశాడు. కొత్తది నొక్కి బిగించి, మీటరు పెట్టి చూసి తలూపాడు. దర్జీ చొక్కాలన్నీ ఇస్త్రీ చేసుకుంది.

కిటికీ అంచున ఆ రాగి ముక్క చల్లారిపోయింది. దాని మీద ఉల్లిపొరంత చర్మం, వేలిగీతలతో సహా, అంటుకుని ఉంది. సాయంత్రానికి దాన్ని చీమలు కనుక్కున్నాయి.