సాయంత్రపు ఎండ ఎవరి వాటా

అన్యాయం జరిగింది ఎవరికి? నాకు. చేసినవారెవరు? నా భర్త గౌరీశంకర్. దేనితో చేశారు? తూర్పు వాకిలితో.

ఫీనిక్స్‌లో మేము కొన్న ప్రతి ఇంటికీ వాకిలి తూర్పుకే ఉండాలని ఆయన పట్టుదల. ఈ ఊళ్లో వంటగది సాధారణంగా ఇంటి వెనుక ఉంటుంది. వాకిలి తూర్పైతే వంటగది పడమర. మే నుంచి అక్టోబరు దాకా సాయంత్రపు ఎండ సరిగ్గా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ముఖం మీద పడుతుంది. ఆసుపత్రిలో ఇద్దరమూ డాక్టర్లమే. ఇంటికి వచ్చాక ఆయన చల్లని ముందు గదిలో పేపరు తిరగేసేవారు. నేను ఆ ఎండలో పోపు వేసేదాన్ని. నోరు విప్పితే, "ఎడారిలో కాపురం పెట్టి ఎండంటే ఎలా వసంతా? అందరికీ ఒకటే ఎండ" అనేవారు. నాకు రావలసిన బాకీ డబ్బు కాదు. జరిగింది అన్యాయమేనని ఆయన నోట ఒక ఒప్పుకోలు.

2009లో ఇళ్ల ధరలు పడిపోయినప్పుడు ఆర్కేడియాలో ఒక పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఒకప్పటి నారింజ తోటల్లో కట్టిన డబ్బున్నవాళ్ల పేట అది; ఇప్పటికీ పెరళ్లలోకి కాలువ నీళ్లు వదిలి చెట్లు తడుపుతారు. వంటగది కిటికీ ఉత్తరానికి. ఎదురుగా కామెల్‌బ్యాక్ కొండ. జూన్ సాయంత్రం ఆ వంటగట్టు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఇల్లు చూపిస్తున్న రియల్టర్ ఇంద్రజ ముందు చిన్నపిల్లలా నవ్వేశాను.

"సౌత్ ఫేసింగా? అది యముడి దిక్కు! మతి పోయిందా?" అన్నారు ఈయన.

"యముడు వాకిలి చూసుకుని వస్తాడని మెడికల్ కాలేజీలో మీకెవరు చెప్పారండీ?"

ఆ ఆదివారం ఆయన స్నేహితుడు ధర్మారావుగారు, భార్య సరోజ పెసరట్లకు వచ్చారు. సాయంత్రం అయిదింటికి పిండి గిన్నె, అట్లకాడ మావారి చేతికిచ్చి, సరోజతో ముందు గదిలో కూర్చున్నాను. ఆ వేళప్పుడు ఆ గది అంత హాయిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కాసేపటికి లోపలినుంచి ధర్మారావుగారి గొంతు. "ఏమిట్రా గౌరీ, అట్టు కన్నా నువ్వే ఎర్రగా వేగావు!"

చొక్కా తడిసి, కళ్లద్దాలకు ఆవిరి పట్టి, ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఇంద్రజకు ఫోన్ చెయ్యి. ఆఫర్ పెడదాం."

"పొద్దున్నే పెట్టాను. నా పేరు మీద, నా రిటైర్‌మెంట్ డబ్బుతో. యాక్సెప్ట్ చేశారని ఇందాకే మెసేజ్ వచ్చింది."

సరోజ చప్పట్లు కొట్టింది. ఆయన కోప్పడతారనుకున్నాను. అట్లకాడ అలాగే పట్టుకుని నా ఎదుట కూర్చున్నారు.

"ఈ వేళప్పుడు నేనెన్నడూ ఆ వంటింట్లో నిలబడలేదు వసంతా," అన్నారు, వాళ్లిద్దరూ వింటూండగానే. "ఎండంతా నీకు వదిలేసి, నీడ నేనుంచుకున్నాను. తప్పు నాదే."

"అల్లం ఎక్కువ వేసి నాకొకటి తెండి," అన్నాను.

ఆయన లేచి మళ్లీ ఆ ఎండలోకి వెళ్లారు. అట్టు అంచులు మాడాయి. ముక్క మిగల్చకుండా తిన్నాను. బాకీ పూర్తిగా తీరింది.