పిట్ట కూయని పేజీ

ఆ మూడు చుక్కలు మళ్ళీ కదులుతున్నాయి, అంటే చాట్‌లో అవతలివాడు, ఫైళ్ళు దాచే హోస్టింగ్ కంపెనీవాడు, ఏదో రాస్తున్నాడన్నమాట, పొద్దుటి నుంచి ఇదే వరస, చుక్కలు కదులుతాయి, ఆగుతాయి, చివరికి మీ సహనానికి ధన్యవాదాలు అని ఒక ముక్క వచ్చి పడుతుంది, ఆమె సహనం ఎంతో తమ్ముణ్ణి అడిగితే చెప్పేవాడు, ఆ మహానుభావుడు పొద్దున్నే సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు, వెబ్ పేజీలు చేసే ఈ ఇద్దరు మనుషుల స్టూడియోలో ఒకరు వెళ్ళిపోతే సగం స్టూడియో వెళ్ళిపోయినట్టే, ఇప్పుడు మూడున్నర, నాలుగింటికి పిట్టల మాస్టారు వస్తానన్నారు, ఫోన్లో ఆయన గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది, పేజీ తెరుచుకుంటోందమ్మా, బొమ్మలూ కనబడుతున్నాయి, పిట్టలే కూయడం లేదు, నా చెవులు పోయాయేమోనని పక్కింటాయన్ని పిలిచి వినమన్నాను, ఆయనకీ వినబడలేదు అన్నారు, అదేదో తనదే తప్పయినట్టు.

సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇరవై రెండేళ్ళు సెలవు దొరికితే చాలు టేపు రికార్డరు భుజాన వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని తోటలూ వాగులూ తిరిగి కూతలు పట్టారు, ప్రతి కూతకూ ముందు ఆవిడే తేదీ, చోటు, పిట్ట పేరు చెప్పేది, చెప్పి ఠక్కున నోరు మూసుకునేది, తర్వాత పిట్ట, ఆవిడ పోయి నాలుగేళ్ళు, మాస్టారు రోజూ పొద్దున్నే పేజీ తెరిచి ఒక కూత వింటారు, పిట్ట కోసమే అంటారు, సరే పిట్ట కోసమే, మూడు వందల నలభై కూతలు, ఆ క్యాసెట్లన్నీ బూజు పట్టి జిగురెక్కి ఉంటే తమ్ముడు ఒక్కొక్కటే తుడిచి, ఆరబెట్టి, నెల్లాళ్ళు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించాడు, అవి పైన క్లౌడులో దాచాక కంప్యూటర్లోవి చెరిపేసి, ఆ క్యాసెట్ల పెట్టెను బయట పడేసింది ఎవరు, ఇంకా ఎందుకు మాస్టారూ ఈ చెత్త, పైన రెండు కాపీలున్నాయి, నిశ్చింతగా ఉండండి అన్నది ఎవరు, ఆ రోజు తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, అక్కా, ఇంకో కాపీ డిస్కులో తీసి మన బీరువాలో పెడదామా అంటే, బీరువా నీ డొక్కులకేనా అని నవ్వింది, నిజంగానే పైన రెండున్నాయి, రెండూ ఒకే కంపెనీలో, ఒకే గోదాములో, ఒకే తాళం కింద.

చుక్కలు ఆగాయి, ఈసారి పొడుగ్గా వచ్చింది, మీ ఫైళ్ళున్న పాత స్టోరేజీని మూసేస్తున్నామని, వాటిని కొత్తదానికి మార్చుకోమని తొంభై రోజుల కిందట తెలియజేశాం, తర్వాత మూడుసార్లు గుర్తుచేశాం, మీ నుంచి స్పందన లేనందున నిబంధనల ప్రకారం నిన్న తొలగించాం, తిరిగి తీసుకురావడం సాధ్యం కాదు, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, అసౌకర్యమట, చచ్చిపోయిన మనిషి గొంతు మళ్ళీ చచ్చిపోతే దాని పేరు అసౌకర్యం, మాకు ఒక్క ఉత్తరమూ రాలేదు అని ఆమె తప్పులతో టైపు చేసి పంపింది, వాడు నాలుగు తేదీలు పంపాడు, నాలుగూ స్టూడియో మెయిలుకే, ఇద్దరూ కలిసి చూసే మెయిలు, మరి రావాలి కదా.

నాన్న అచ్చాఫీసులో కంపోజిటరు, పొద్దుపోయేసరికి కూర్చిన పేజీ విడగొట్టి సీసపు అక్షరాలు ఏ అరవి ఆ అరలో వేసి, తడిగుడ్డతో బల్ల తుడిచి గానీ ఇంటికొచ్చేవాడు కాదు, బల్ల ఖాళీగా లేకపోతే బుర్ర ఖాళీగా ఉండదే అనేవాడు, ఆ పిచ్చి ఆమెకే అబ్బింది, పొద్దున్నే మెయిలు తెరిచి ఒక్క ఉత్తరం మిగలకుండా ఊడ్చేస్తే గానీ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు, ఆ హోస్టింగ్ వాళ్ళు మాత్రం తక్కువా, సర్వరు బాగుంది, ఇప్పటికీ బాగుంది, ఇంకా బాగుంది అని రోజుకు ముప్పై రాసేవాళ్ళు, చూసి చూసి ఒకరోజు ఆమెకు ఒళ్ళు మండి, ఒకరోజు, ఒకరోజు ఏం చేసింది.

చెయ్యి దానంతటదే చెత్తబుట్ట తెరిచింది, పోయిన వారం నాటి ఆఖరి హెచ్చరిక అక్కడుంది, చదవని ఉత్తరాలకుండే ముదురు అక్షరాల్లో, సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే రూలూ ఉంది, ఈ కంపెనీ నుంచి ఏమొచ్చినా చూపించకుండా చెత్తబుట్టలో వేయుము, కింద తేదీ, నిరుడు, పక్కన చేసినవారి పేరు, తమ్ముడు స్టూడియో మెయిలు మొదలుపెట్టిన రోజున ఆమెకు సరదాకి పెట్టిన పేరు, అక్క.

పొద్దున తమ్ముడు తెరిచి చూసింది ఈ పేజీనే, ఆమె వెనక నిలబడి, సర్వర్లు నీకు అప్పజెప్పినందుకు నా చెప్పుతో నేను కొట్టుకోవాలి, నాన్న చేతిలో ఒక్క అక్షరం పోలేదు, నువ్వు మనిషి గొంతే పోగొట్టావు అని అరుస్తుంటే వాడు చాలాసేపు తెర వంక చూశాడు, మూసేశాడు, సరేలే అక్కా, నేనే అనుకో అన్నాడు, పొగరనుకుంది, ఇప్పుడు సిగ్గుతో చెవులు కాలుతున్నాయి, అక్క పరువు కాపాడాడేమో, ప్రేమేమో అనుకోబోయింది, అనుకుంటే హాయిగానే ఉండేది, కానీ వెళ్ళేటప్పుడు వాడి మొహంలో ప్రేమా లేదు, కోపమూ లేదు, అలసట ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, మాస్టారు పావుగంట ముందే వచ్చేశారు, ఆయాసం తీర్చుకుంటూ ఎదుటి కుర్చీలో కూర్చుని చెవి యంత్రం సర్దుకున్నారు, ఆమె మంచినీళ్ళు ఇవ్వడం కూడా మరిచిపోయి, పోయాయి మాస్టారూ, అన్నీ పోయాయి, ఇక రావు, తప్పు నాదే అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది, ఆయన చెవి యంత్రం తీసి జేబులో వేసుకుని, కాసేపాగి మళ్ళీ తీసి పెట్టుకుని, అబ్బాయి జాగ్రత్త గలవాడు కదమ్మా, ముందే ఏమీ చెప్పలేదా అన్నారు, చెప్పాడు, డిస్కు అన్నాడు, బీరువా అన్నాడు, అన్నీ ఒకేచోట వద్దన్నాడు, అన్నప్పుడల్లా ఆమె నవ్వింది, విసుక్కుంది, బల్ల తుడుచుకుంది, ఆ కంపెనీ ఉత్తరాలకు నిరుడు రాసిన రూలు తమ్ముడి మాటలకు ఎప్పుడో చిన్నప్పుడే రాసేసి ఉంటుంది, వాడికి ఆ సంగతి తెలుసు, అందుకే పొద్దున ఇంకో మాట వృథా చేయలేదు.

చెప్పాడు మాస్టారూ, అంది.