ఒక పక్కకు ఒరిగిన మనిషి

“అక్కడ నువ్వేం మాట్లాడకు. లాయరు ఏమడిగినా నేను చెప్తాను” అన్నాడు భర్త, అద్దం ముందు తల దువ్వుకుంటూ. ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు తిప్పి వేసి, ఇంకోసారి పెట్టె నడిపింది. సరేననలేదు, కాదనలేదు. ఆ రెండిటికీ తేడా ఏమిటో తెలుసుకోవలసిన అవసరం అతనికి ఎప్పుడూ పడలేదు.

అత్తయ్య పోయి కొన్నాళ్లయింది. మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చాక, నడుం కింద పుండు పడింది. అది ఎముక దాకా దిగి, విషం రక్తంలోకి పాకింది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ఒళ్లు కాలిపోతోంది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. డాక్టరు సెప్సిస్ అన్నాడు. భర్తకు ఆ మాట తొందరగానే పట్టుబడింది. ఫోను చేసిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఆమెకు ఇంకా నోరు తిరగదు. ఆమెకు తెలిసింది ఆ చోటు. ఏళ్ల తరబడి అక్కడ తన చేత్తో తుడిచింది. తడిబట్ట తీసి, పొడిబట్టతో అద్ది, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, “ఇటు తిరగండి అత్తయ్యా” అంటూ ఒత్తిగిలబెట్టేది. “నేనేమన్నా పరుపునటే, పూటకోసారి తిరగేస్తావు?” అనేది అత్తయ్య. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ పనికి ఆ ఇంట్లో పేరంటూ లేదు. “వదినకేముందిలే, ఇంట్లోనే ఉంటుందిగా” అనేది ఆడపడుచు ఫోన్లో. చివరికి ఆమెకే నడుం పట్టేసి మంచం మీంచి లేవలేకపోయిన రోజున హోమ్ మాట వచ్చింది. “నీ సుఖం కోసం మా అమ్మను పంపిస్తున్నాం, గుర్తుంచుకో” అన్నాడు భర్త. గుర్తుంచుకుంది.

లాయరు ఆఫీసు మేడ మీద ఒక ఇరుకు గది. హోమ్ మీద వేసే కేసు సంగతి మాట్లాడ్డానికి ఆడపడుచు కూడా వచ్చింది. బల్ల వెనక నడివయసు ఆడమనిషి, పొట్టిగా ఉంది. భర్త గుమ్మంలోనే ఆగి, “పెద్ద లాయరుగారు లేరా అమ్మా?” అన్నాడు.

“ఈ గదిలో నాకంటే పెద్దది ఆ బీరువా ఒక్కటే. అది వాదించదు. రండి, కూర్చోండి.”

ఆడపడుచు నవ్వు ఆపుకుంది.

“హోమ్ వాళ్లేమంటున్నారంటే, పుండు మీ ఇంటి నుంచే వచ్చిందట” అంది లాయరు. “చేర్చేనాటికి ఒళ్లు బాగుందని మీరు చెప్పగలగాలి. ఆవిణ్ణి ఇంట్లో ఎవరు చూసుకునేవారు?”

“మేమందరం” అన్నాడు భర్త.

“అందరూ అంటే నాకు పనికిరాదండీ. ఒళ్లు తుడిచేదెవరు?”

ఆడపడుచు చేతిసంచి జిప్పు వేసుకుంది, మళ్లీ తీసింది. భర్త గొంతు సవరించుకుని, “మా ఆవిడ సాయం చేసేది” అన్నాడు.

సాయం. ఎవరికి సాయమో ఆమెకు అర్థం కాలేదు.

లాయరు కుర్చీ ఆమె వైపు తిప్పింది. “మీరు చెప్పండమ్మా.”

“ఎక్కడా కమలనైనా లేదండి. చేర్చిన రోజు పొద్దున కూడా తుడిచాను.”

“మంచిది. ఇంకోటి. మీ వైపు పొరపాటేదన్నా ఉంటే అదీ ఇప్పుడే చెప్పేయండి. మనిషిని ఒత్తిగిలబెట్టకుండా వదిలేసింది వాళ్లు. మీరు నిజం చెప్పినంత మాత్రాన వాళ్ల తప్పు మాసిపోదు. కానీ దాచింది రేపు వాళ్ల లాయరు బయటికి లాగాడంటే, మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. చేర్చాక ఎవరికైనా అనుమానం వచ్చిందా?”

“అబ్బే, లేదండి” అన్నాడు భర్త. “వారం వారం వెళ్లేవాళ్లం. శుభ్రంగా ఉండేది.”

శుభ్రంగానే ఉండేది. చూడ్డానికి చుట్టాలొచ్చే రోజున హాల్లో అందరినీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. తలలు దువ్వి, ముఖాలకు పౌడరు రాసి, ఉతికిన దుప్పట్లు ఒళ్లో పరిచేవారు. మిగతా రోజులన్నీ పడుకోబెట్టినవాళ్లను పడుకోబెట్టినట్టే వదిలేసి, ఆ రోజు మాత్రం పుండు మీదే గంటల తరబడి కూర్చోబెట్టారని అప్పుడెవరికి తెలుసు? ఒక వారం అలా చూసి భర్త మురిసిపోయాడు. “చూశావా, మా అమ్మ మహారాణిలా కూర్చుంది. నీ దగ్గర ఏనాడన్నా కూర్చుందా?” అన్నాడు. ఆయాకు చేతులు జోడించాడు. ఆమె మాత్రం అత్తయ్య ఒక పక్కకు ఒరిగి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, తుంటిని పైకి ఎత్తిపెట్టుకోవడం చూసింది. పౌడరు వాసన అడుగున ఇంకేదో వాసన. “ఏవండీ, గదిలోకి తీసుకెళ్లి ఒకసారి నడుం చూస్తాను” అంది. “నలుగురిలో మా అమ్మ బట్టలు విప్పుతావా? వాళ్లు నర్సులు. నీకంటే వాళ్లకు తెలుసు” అన్నాడతను. అత్తయ్య ఆమె మణికట్టు పట్టుకుంది. కొడుకు ముందు ఒంటి బాధ చెప్పుకునే మనిషి కాదు. ఆ వేళ్లను మెల్లగా విడిపించుకుని ఆమె అతని వెనకే బయటికి వచ్చేసింది. నీకంటే వాళ్లకు తెలుసు అన్న మాటకు మనసు చివుక్కుమంది. ఆ వెంటనే, ఇక ఆ బరువు తనది కాదని కాస్త తెరిపిగా కూడా అనిపించింది. ఇప్పుడామెను తినేస్తున్నది ఆ తెరిపే.

“అయితే అనుమానం ఎవరికీ రాలేదని రాసుకుంటున్నాను” అంటూ లాయరు కలం తీసింది.

“నాకు వచ్చిందండి.”

బల్ల కింద భర్త పాదం ఆమె పాదాన్ని నొక్కింది. చుట్టాల ముందు ఆమె ఏదన్నా అనబోతే అలాగే నొక్కేవాడు, ఆమె ఆగిపోయేది. ఇప్పుడు పాదం వెనక్కి తీసుకుంది.

“కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోవడం చూశాను. వాసన కూడా తెలిసింది. నడుం చూస్తానంటే ఈయన వద్దన్నారు. నేను ఊరుకున్నాను. మొత్తం రాసుకోండి. వాళ్ల లాయరు అడిగినా ఇదే చెప్తాను.”

“వదినా!” అంది ఆడపడుచు. “అన్నయ్య పరువేం కాను?”

భర్త సగం లేచాడు. గొంతులో కోపం కన్నా బెదురే ఎక్కువగా ఉంది. “అసలు నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావ్?”

“అత్తయ్య తరఫునండీ” అంది ఆమె.