బూరుగు చుట్టుకొలత

టైలరమ్మ కొట్లో సాయంత్రం షట్టరు సగం దించాక చెట్లవాళ్ళ సమావేశం మొదలయ్యేది. చెట్లవాళ్ళు అని పేరు పెట్టింది ఆవిడ భర్తే. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. "నా బస్సులో రోజూ కొన్ని వందలమంది ఎక్కి దిగుతారు, వాళ్ళని చూసేవాడు లేడు గానీ, పుట్టిన చోటి నుంచి కదలని చెట్లకి మాత్రం ఇంతమంది చుట్టాలు!" అని అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. చేస్తూనే అందరికీ టీలు తెచ్చి కుట్టుమిషన్ల మధ్య సర్దేవాడు.

ఇంతమంది అన్నాడు గానీ, ఆయన్ని వదిలేస్తే ముగ్గురే. ఒకరు భూగోళం మాస్టారు. రిటైరై, మోకాళ్ళు అరిగిపోయినా పెద్ద చెట్టుందంటే ఎంత దూరమైనా నడుస్తారు. రెండోది వీధి చివరి పళ్ళ డాక్టరమ్మ. మూడోది టైలరమ్మ. ఆవిడ ఇందులోకి వచ్చింది కూడా చిత్రంగానే. ఒకరోజు డాక్టరమ్మ కొలత టేపులు కొన్ని పట్టుకొచ్చి, "అక్కా, ఇవన్నీ ఒకదానికొకటి కలిపి కుట్టి ఇస్తారా?" అని అడిగింది.

"అంత లావు మనిషి ఎవరు తల్లీ?" అని నోరు వెళ్ళబెట్టింది టైలరమ్మ.

"మనిషి కాదక్కా, చెట్టు."

టేపు కుట్టి ఇచ్చిన టైలరమ్మ, దాంతో ఏం చేస్తారో చూద్దామని వెనకే వెళ్ళింది. పొద్దస్తమానం చొక్కాల చంకలూ గౌన్ల నడుములూ కొలిచే చేతులు, ఆ రోజు మొదటిసారి ఒక మానును కౌగిలించుకుని అవతలివైపున్న డాక్టరమ్మ వేళ్ళను వెతుక్కున్నాయి. ఆ తర్వాత ఆవిడ మానలేదు.

ఇలా చెట్లు కొలిచేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నారు. అందరినీ ఒక ఆదివారం ఇక్కడికి పిలిచి, ఊళ్ళోని పెద్ద పాత చెట్లన్నీ ఒకేరోజు కొలిస్తే ఎలా ఉంటుందన్నది మాస్టారి కోరిక. కొట్లో కత్తిరింపు బల్ల మీద కాగితం పరిచి ప్లాను వేయడం మొదలుపెట్టారు. ఎక్కడ కలవాలి, భోజనం ఎవరు వండాలి, వచ్చిన ఆడవాళ్ళకి బాత్రూం ఎక్కడ చూపించాలి. ఈ చివరిదాని మీదే ఎక్కువ చర్చ జరిగింది. మాస్టారు ఆ సంగతి తనకు తట్టనే లేదని సిగ్గుపడ్డారు.

"అన్నిటికన్నా పెద్దదాని దగ్గర మొదలుపెడదాం" అన్నారాయన. "అంటే కోర్టు వెనక మహాగని చెట్టు."

టైలరమ్మ సుద్దముక్క చేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెల్లగా అంది. "మాస్టారూ, నీళ్ళ యార్డులో బూరుగు మీరు చూశారా?"

వాళ్ళెవరూ చూడలేదు. అది ఊరికి నీళ్ళు పంపే యార్డు, చుట్టూ ఎత్తయిన గోడ. టైలరమ్మ తండ్రి అక్కడ పంపు మెకానిక్కుగా చేసేవాడు. యార్డులోపలే ఇల్లు ఇచ్చారు. ఆ బూరుగు మొదలు దగ్గర వేర్లు గోడల్లా, మనిషిని మించిన ఎత్తున బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. రెండు వేర్ల నడుమ సందు ఆవిడ గది. అక్కడే పుస్తకాలు, అక్కడే అలకలు. తల్లి పిలిస్తే వినబడనట్టు నటించడానికీ అదే చోటు. తండ్రి రిటైరయ్యాక గేటు లోపలికి వెళ్ళే పని పడలేదు.

మర్నాడే వెళ్ళారు. టైలరమ్మ తన తండ్రి పేరు చెప్పగానే గేటు మనిషి లోపలికి వదిలాడు. మాస్టారు చెట్టు ముందు నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. డాక్టరమ్మ అవతలివైపుకి నడిచింది, ఎంతసేపటికీ ఇటు తేలలేదు. వచ్చాక ఇద్దరూ పోట్లాట మొదలుపెట్టారు. టేపు వేర్ల అంచుల మీదుగా తిప్పాలని మాస్టారు, మడతల లోపలికి అదిమి తిప్పాలని డాక్టరమ్మ.

"కుచ్చుల గౌను వేసుకున్న పిల్లకి కుచ్చుల మీద కొలత తీస్తే అది పిల్ల కొలతా, గౌను కొలతా?" అని టైలరమ్మ తీర్పు చెప్పబోయింది.

"నువ్వుండు తల్లీ! ఆదివారం అందరి ముందూ తేల్చుకుందాం" అన్నారు మాస్టారు, పిల్లాడిలా మెరిసిపోతూ.

అనుమతి తెచ్చే పని టైలరమ్మ నెత్తిన వేసుకుంది. యార్డు ఇంజనీరుగారు తెలిసినాయనే. ఆయన కూతుళ్ళ స్కూలు బట్టలు ఆవిడే కుడుతుంది. ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, విషయం విని ఆయన మురిసిపోయాడు.

"మా చెట్టు చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి వస్తారా? రమ్మనండమ్మా, సంతోషంగా రమ్మనండి. ఒక్కటే. అంతమంది దాని కింద నిలబడతారు కదా, ముందు మా ఇన్‌స్పెక్టరుతో ఒకసారి చూపించేస్తాను. మామూలే, పద్ధతి కోసం."

"చూపించండి సార్, మంచిదే కదా" అంది టైలరమ్మ. ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేసి పనైపోయిందని సంబరంగా చెప్పింది. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి.

చెట్ల ఇన్‌స్పెక్టరు చిన్న సుత్తి పట్టుకుని వచ్చాడు. మాను చుట్టూ తిరుగుతూ కొడుతున్నాడు, చెవి ఆనించి వింటున్నాడు. చూడ్డానికి టైలరమ్మతో వచ్చిన డాక్టరమ్మ మొదట నవ్వింది. "నేనూ ఇలాగే పంటి మీద కొట్టి చూస్తానక్కా" అంది. పక్కనున్న నీళ్ళ ట్యాంకు వైపు ఒకచోట శబ్దం మారింది. ఆ మార్పు టైలరమ్మకి కూడా తెలిసింది. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు సన్నటి బరమాతో అక్కడ రంధ్రం చేస్తే, తడి పొట్టు రావలసిన చోట గోధుమరంగు పొడి జారింది.

"లోపల డొల్ల" అన్నాడతను, తప్పు తనదైనట్టు. "ఇంకో వందేళ్ళు ఉంటే ఉండొచ్చు. రేపొచ్చే గాలికి పడితే పడొచ్చు. చూశాక రాయకుండా ఉండలేనమ్మా."

ఇంజనీరుగారు కబురు చేస్తే టైలరమ్మ చేతిలో పని అలాగే వదిలి పరుగెత్తింది. ఆయన బల్ల అవతల నుంచి లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. చెట్టు కొట్టేయాలని రాశారని చెప్పాడు.

"అయితే మేం రాము సార్" అంది టైలరమ్మ వెంటనే. "ఎవ్వరం రాము. గేటు దాకా కూడా రాము. మానుకున్నాం అంతే. మేం అడగనే లేదనుకోండి."

"మీరు రాకపోయినా మా వాళ్ళు రోజూ దాని కిందే తిరుగుతారు కదమ్మా. పక్కనే ట్యాంకు, కింద పైపులు. ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. తెలిసి ఊరుకుని, రేపు ఎవరి మీదైనా పడితే వాళ్ళ ఇంటికి వెళ్ళి నేనేం చెప్పను?"

పంపులు చూసుకుంటూ ఆ చెట్టు కిందే రోజుకి ఎన్నిసార్లో నడిచిన తండ్రి టైలరమ్మకి గుర్తొచ్చాడు. ఆయన మీద పడి ఉంటే? ఆ మాట తనే అనుకున్నాక ఇంజనీరు మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

అలాగని ఊరుకోలేదు. మాస్టారు మునిసిపల్ ఆఫీసు మెట్లు ఎక్కారు. పై అంతస్తువాళ్ళు కిందికి పొమ్మన్నారు, కిందివాళ్ళు పైకి పొమ్మన్నారు. ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు. అందరూ కుర్చీ వేశారు, అందరూ అయ్యో అన్నారు. డాక్టరమ్మ బొమ్మలు గీసి పట్టుకెళ్ళింది, కంచె కట్టొచ్చని, కొమ్మలు తేలిక చేయొచ్చని, ఇనుప ఊతం ఇవ్వొచ్చని. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా అన్నీ చూశాడు. కంచెకి ట్యాంకు అడ్డం, ఊతానికి పైపులు అడ్డం.

"కొండ నాలుకకు మందు వేయబోతే ఉన్న నాలుక ఊడిందక్కా" అంది డాక్టరమ్మ కొట్లోకి వచ్చి కూలబడి.

ఆ రాత్రి అన్నం దగ్గర టైలరమ్మ భర్తని అడిగింది. "మీరైతే ఏం చేసేవాళ్ళండీ?"

ఆయన ఎప్పుడూ మాటకి మాట వేసే మనిషి, ఈసారి ఆలస్యంగా చెప్పాడు. "బ్రేకు సరిగ్గా లేదని మెకానిక్కు రాసిచ్చాక ఆ బస్సు నేను తియ్యనే. ఎవడూ తియ్యడు."

"మీరూ వాళ్ళ పక్షమేనా!" అని కంచం ముందు నుంచి లేచిపోయింది. గదిలో కుట్టాల్సిన బట్టల మూట మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

చెట్టు కొట్టే రోజు ముగ్గురినీ గేటు దాటనివ్వలేదు. హెల్మెట్లు ఉన్నవాళ్ళకే ప్రవేశం. గోడ మీదుగా పైభాగం కనబడుతూనే ఉంది. తాళ్ళతో పైకెక్కినవాళ్ళు ముందు చివరి కొమ్మలు తీశారు. కాయలు పగిలే కాలం. రంపం తగిలినప్పుడల్లా దూది తెల్లగా లేచి గోడ దాటి వీధిలోకి వచ్చింది. పిల్లలు కేకలు వేస్తూ పట్టుకోబోయారు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చి ఆరేసిన బట్టలు తీసుకున్నారు. డాక్టరమ్మ జుట్టులో, మాస్టారి టోపీ మీద, అంతటా దూదే. టైలరమ్మ దులుపుకోలేదు. మధ్యాహ్నానికి గోడపైన కొమ్మల్లేని మాను ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత నేల అదిరింది, గోడపైన ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. మాస్టారు గోడకి చెయ్యి ఆనించారు.

పిలిచిన వాళ్ళని ఇక రావద్దనడానికి లేదు. వాళ్ళు అప్పటికే వ్యాన్లు మాట్లాడేసుకున్నారు. ఆదివారం పొద్దున రెండు వ్యాన్లలో దిగారు. ఇంజనీరుగారికి ఎంత బాధ అనిపించిందో, గేట్లు బార్లా తెరిపించి తనే ఎదురొచ్చాడు. మాను యార్డులో పొడుగ్గా పడి ఉంది. కోసిన మొదలులో ఒకవైపు డొల్ల, మనిషి ముడుచుకుని కూర్చునేంత. రెండోవైపు చెక్కుచెదరని గట్టి కర్ర.

మాస్టారు ఇన్‌స్పెక్టరుని పక్కకి పిలిచి అడిగారు. "నిలబడేదా?"

"నిలబడేదేమో మాస్టారూ." అతను చెట్టు వైపు చూడలేదు. "చెప్పలేం."

వచ్చినవాళ్ళు కొలవడానికి వచ్చినవాళ్ళు, కొలిచారు. కొమ్మలు తీసి మాను కొసన వరసగా పెట్టి ఉంచారు కాబట్టి, ఎత్తు కోసం దూరం నుంచి కోణాలూ లెక్కలూ అక్కర్లేకపోయింది. నేల మీద టేపు పరిస్తే సరిపోయింది. చిటారు కొమ్మ దగ్గర టేపు కొస పట్టుకోమని టైలరమ్మకి ఇచ్చారు. ఆవిడ వంగి పట్టుకుంది. అవతలి కొస పట్టుకున్న మనిషి ముఖం ఆవిడకి ఆనలేదు, అంత దూరం. అక్కడెవరో అంకె చదివారు. తాము చూసిన బూరుగుల్లో ఇదే పెద్దదని చప్పట్లు కొట్టారు. చెడ్డవాళ్ళు కారు, వాళ్ళు దీన్ని నిలబడి ఉండగా చూడలేదు.

ఇంజనీరుగారు అందరికీ చల్లటి జ్యూసు ఇప్పించాడు. మాస్టారి చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీలాంటివాళ్ళు ఊరికి అవసరం మాస్టారూ. ఎవరికైనా ఏమన్నా అయ్యాక తెలిసేకన్నా ముందే తెలిసింది. ఇలాంటి పాతవి ఇంకా ఎక్కడెక్కడున్నాయో మీకు తెలుసు కదా? చెప్పండి, మా ఇన్‌స్పెక్టరుతో అన్నీ ఒకసారి చూపించేద్దాం."

తరగతిలో ఒక్క అబద్ధానికి బెంచీ ఎక్కించిన మాస్టారు, కళ్ళు దించుకుని, "పెద్దవి ఇంకేం లేవండీ" అన్నారు.

టైలరమ్మ ఊపిరి పీల్చుకుందో లేదో, పక్క ఊరి నుంచి వచ్చినాయన వ్యాన్ ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "అదేంటి మాస్టారూ, కోర్టు వెనక మహాగని? ఇప్పుడు మనం వెళ్తోంది అక్కడికే కదా?"

"కోర్టు వెనకా?" అన్నాడు ఇంజనీరుగారు. "మంచిది, మంచిది." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మంచిదనుకున్నాడు. మాస్టారు ఎర్రబడిన ముఖంతో వ్యాను మెట్టు మీద కాలు పెట్టబోయి, మోకాలు సహకరించక ఆగారు. డాక్టరమ్మ పట్టుకుని ఎక్కించింది.

ఆ వారం గడిచాక ఇన్‌స్పెక్టరు కోర్టు వెనక్కి వెళ్తున్నాడని తెలిసి టైలరమ్మ కొట్టు మూసి వెళ్ళింది. మాస్టారు రానన్నారు. డాక్టరమ్మకి కుర్చీలో పేషెంటు ఉన్నాడు. చెట్టు కింద లాయర్ల స్కూటర్లు, టైపు మిషన్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు ఆవిడని గుర్తుపట్టి తల ఊపాడు. సుత్తితో కొట్టాడు. చెవి ఆనించాడు. ఒకచోట రెండుసార్లు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. టైలరమ్మ తన చేతి సంచిని గుండెకి అదుముకుని, ప్రతి దెబ్బనీ వింది. ఏది మంచి శబ్దమో ఏది చెడ్డదో ఈసారి పోల్చుకోలేకపోయింది.

"ప్రస్తుతానికి పర్లేదమ్మా" అన్నాడతను చివరికి. "వానలయ్యాక మళ్ళీ చూస్తాం."

"మళ్ళీనా?"

"ఒకసారి చూడ్డం మొదలుపెట్టాక చూస్తూనే ఉండాలి కదా."

"అవును బాబూ" అంది. అతనికి దండం పెట్టింది. అతను ఇబ్బందిపడి సుత్తి సంచీలో వేసుకున్నాడు.

కొట్టుకి వచ్చి మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది. "వానలయ్యాకా..." అన్నారాయన. అటు ఆయన ఫోన్ పెట్టలేదు, ఇటు ఈవిడా పెట్టలేదు. బయట ఎవరో చొక్కా పట్టుకుని వచ్చి షట్టరు తట్టేదాకా అలాగే ఉన్నారు.