ముళ్లకాయ మురబ్బా

ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని హజ్రా బీ పట్టుదల. బసవమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి గిన్నెను కడిగి, అందులో తను చేసిన గులాబీకాయల మురబ్బా పెట్టి పంపింది. మంచికి పోతే చెడు ఎదురైంది.

ఆ గులాబీ అందరిళ్లలో ఉండే రకం కాదు. ఆమె భర్త రసూల్ కడియం నర్సరీ నుంచి తెచ్చిన చైనా అడవి గులాబీ. పువ్వు రాలాక ఒళ్లంతా ముళ్లున్న కాయ కాస్తుంది. ముళ్లు గీకి, గింజలు తీసి, పంచదార పాకంలో ఉడికిస్తే పుల్లపుల్లగా బాగుంటుంది. చిగుళ్లకు మంచిదని నర్సరీవాళ్లు చెప్పారు. బసవమ్మ మనవరాలు నీలిమకు చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని విని, మురబ్బా పంపింది.

నీలిమ రెండు చెంచాలు తిని కాలేజీకి వెళ్లి, అక్కడ వాంతులు చేసుకుని పడిపోయింది. తండ్రి సుధాకర్ నరసరావుపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బసవమ్మ మాత్రం గిన్నెలో మిగిలిన మురబ్బా కాలవలో పారేసి, హజ్రా బీ గడపలోకి వచ్చి పడింది.

"ఏందే హజ్రా, పిల్లకి ఏం పెట్టావ్? ముళ్లకాయంటే ఉమ్మెత్తకాయే గదటే!"

"గులాబీదే అక్కా, ఒట్టు!"

అంది గానీ, హజ్రా బీ గులాబీ మొదట్లోకి దగ్గరగా వంగి చూసింది. పక్కనే ఉమ్మెత్త మొక్క మొలిచి ఉంది. దానికో కాయ తెగిన తొడిమ. కళ్లజోడు విరిగినప్పటి నుంచి ఆమె అన్ని పనులూ తడుముకుంటూనే చేస్తోంది. ఆ కాయలు కోసిందీ, తరిగిందీ అలాగే.

"నాకు తెలవట్లేదక్కా" అంది. లోపలి నుంచి సీసా తెచ్చి, మిగిలిన మురబ్బా అంతా బసవమ్మ కళ్లముందే తినేసింది.

"పిచ్చిదానా! ఇదేం పనే!"

"విషమైతే నాకూ ఎక్కుద్ది. అప్పుడు డాక్టరుకి గట్టిగా చెప్పొచ్చు."

బసవమ్మ కోపం ఎటుపోయిందో పోయింది. ఉన్న భయం చాలదన్నట్టు ఇంకో భయం పట్టుకుంది. పక్కనే చతికిలబడి ఆమె మొహం వంకే చూస్తూ కూర్చుంది.

"నోరెండతందా?"

ఉమ్మెత్త తింటే నోరెండుతుందని ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

"ఎండతందక్కా."

బసవమ్మ ఆమె చేయి పట్టుకుంది. రోడ్డు మీద పిడుగురాళ్ల సున్నం లారీలు పోతున్నాయి. ఫోను మాత్రం మోగడం లేదు.

"ఇప్పుడో?"

"చానా ఎండతంది. నాలుక అంటుకుపోతంది."

బసవమ్మ నాలుకతో పెదాలు తడుపుకుంది. తర్వాత నెమ్మదిగా, "నాకూ ఎండతందే" అంది. ఆమె ఒక్క ముక్క కూడా తినలేదు.

లేచి, పాకం అంటిన ఆ సీసాలోనే నీళ్లు పోసింది. గిలకొట్టి నోటికెత్తుకుంది.

"వద్దక్కా!"

"నోర్మూసుకో" అని సగం తాగి, మిగతాది హజ్రా బీకి ఇచ్చింది.

అప్పుడు మోగింది ఫోను. సుధాకర్.

"వడదెబ్బంటమ్మా. పొద్దుట్నుంచి ఎండలో గ్రౌండులో నిలబెట్టారంట. ఇప్పుడు బానే ఉంది. ఆ మురబ్బా ఇంకా ఉందా అని అడుగుతుంది."

బసవమ్మ ఖాళీ సీసా వంక చూసింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"లేదురా" అంది. "మేమిద్దరం తినేశాం."